యూరప్‌కి తూర్పున సముద్రం ఏది?

ప్రశ్న: నేను మంచిర్యాలలో ఇంటి దగ్గరే ఆరు, ఏడు తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను. బీకాం చదివాను, సోషల్ నా సబ్జెక్టు కాదు. "చుట్టూ నీరు ఉన్న విశాలమైన భూభాగాన్ని ఖండం అంటారు" అని నోట్సు రాయించాను. ఆరో తరగతి పిల్లవాడొకడు అట్లాసు తెరిచి "టీచర్, యూరప్‌కి తూర్పు వైపు నీళ్ళెక్కడున్నాయి?" అన్నాడు. నాకేం తోచక "పుస్తకంలో ఉన్నది రాయి, ఎక్కువ మాట్లాడకు" అన్నాను. వాడు ఊరుకోలేదు. పరీక్షలో "ఖండాలు 6" అని రాసి మార్కు పోగొట్టుకున్నాడు. వాళ్ళ నాన్న వచ్చి "మీరేం చెబుతున్నారమ్మా పిల్లలకు" అని నిలదీశాడు. ఇప్పుడు వాడు ఇంకోటి పట్టుకొచ్చాడు. గ్రీన్‌లాండ్ అంత పెద్దగా ఉండి ద్వీపమెట్లా అయింది, ఆస్ట్రేలియా ఖండమెట్లా అయింది అంటాడు. అసలు ఖండం అంటే ఏమిటి సార్? వాడికేం చెప్పాలి, పరీక్షలో ఏం రాయించాలి?

సమాధానం:

అమ్మా,

ముందు మార్కు సంగతి తేల్చేద్దాం, ఆ నాన్నగారు మళ్ళీ మీ గుమ్మం ఎక్కకముందే. ఖాళీ పూరించమన్నా, ఒక్క మాటలో రాయమన్నా 7 అనే రాయించండి. మన దగ్గర బడి పుస్తకాల్లో ఉన్నది ఏడే. వాడు పెద్దయి గ్రూప్స్ రాసినా ఏడే. నాలుగు మార్కుల ప్రశ్న వచ్చి చోటు మిగిలితే, చివర్లో "ఆసియా, ఐరోపాలను కలిపి యురేషియాగా చూస్తే 6 అని కూడా లెక్కిస్తారు" అని ఒక వాక్యం చేర్చమనండి. ఆ వాక్యానికి ఏ మాస్టారూ మార్కు కొట్టెయ్యడు.

ఇక అసలు ప్రశ్న. అక్కడ మీరూ పుస్తకమూ ఒక పక్క, పిల్లవాడు ఒక పక్క. నేను పిల్లవాడి పక్క.

"చుట్టూ నీరున్న విశాల భూభాగం" అన్న మాటను పట్టుబట్టి అమలు చేస్తే వాడు రాసిన ఆరు కూడా ఎక్కువే. ఆసియాకీ ఆఫ్రికాకీ మధ్య సూయజ్ దగ్గర ఉన్నది 1869లో తెరిచిన కాలువ, మనుషులు తవ్వింది. ఉత్తర, దక్షిణ అమెరికాల మధ్య పనామాలో ఉన్నదీ కాలువే, 1914 నాటిది. కాలువ తవ్వితే ఖండం పుట్టదు కదా! పుట్టేదైతే కాటన్ దొర పుణ్యాన గోదావరి జిల్లాల్లో ఖండాలు లెక్కపెట్టడానికి మన వేళ్ళు చాలేవి కావు. నీళ్ళ లెక్కన చూస్తే మిగిలేవి నాలుగే. ఆఫ్రికా, ఆసియా, యూరప్ కలిసిన పెద్ద ముద్ద ఒకటి, అమెరికాలు రెండూ కలిసి ఒకటి, తర్వాత అంటార్కిటికా, ఆస్ట్రేలియా. మన పుస్తకాలు పైన ఒక నిర్వచనం చెప్పి, కింద దానికి కుదరని జాబితా ఇచ్చాయి. వాడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. అంతకు మించి వాడు చేసిన నేరం లేదు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ సరదాగా అనిపించేది మాటల సంగతి. మనం ఖండం అంటాం. ఖండం అంటే కోసిన ముక్క. ఇంగ్లీషు వాళ్ళ కాంటినెంట్ లాటిన్ నుంచి వచ్చింది, అక్కడ "టెర్రా కాంటినెన్స్" అంటే తెగకుండా సాగిపోయే నేల. వాళ్ళ మాటలో అతుకు ఉంది, మన మాటలో కోత ఉంది. మీ వాడి ప్రశ్నంతా ఈ రెంటి మధ్యే తిరుగుతోంది: నేల ఎక్కడిదాకా అతుక్కుని ఉంది, దాన్ని కోసిందెవరు?

పూజలో పంతులుగారు సంకల్పం చెప్పేటప్పుడు ఈసారి చెవిపెట్టి వినండి. "జంబూద్వీపే భరతవర్షే భరతఖండే మేరోః దక్షిణ దిగ్భాగే..." అక్కడ పెద్దది ద్వీపం, అందులో వర్షం (వాన కాదు, భూభాగం), అందులో ఖండం. ఇప్పటి భూగోళం పుస్తకంలో ఖండం పెద్దది, ద్వీపం చిన్నది. వరస తలకిందులైంది. అమెరికాలో మన పంతుళ్ళు కొందరు "క్రౌంచద్వీపే రమణకవర్షే ఐంద్రఖండే" అంటారు. పురాణాల్లో ఏడు ద్వీపాలున్నాయి కాబట్టి అందులో ఒకటి అమెరికాకు కేటాయించేశారన్నమాట. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, గ్రీకులు చేసిన పనీ ఇంచుమించు ఇదే.

గ్రీకులు ఏజియన్ సముద్రంలో పడవలు నడుపుకునేవాళ్ళు. ఈ ఒడ్డు యూరప్, ఆ ఒడ్డు ఆసియా. వాళ్ళ ఆసియా అంటే మొదట్లో ఇప్పటి టర్కీ పడమటి తీరమే. దక్షిణాన ఉన్నది లిబియా, దాన్నే తర్వాత ఆఫ్రికా అన్నారు. పడవవాడికి ఈ లెక్క బాగానే ఉంది, మధ్యలో నిజంగానే నీళ్ళున్నాయి. చిక్కల్లా నల్లసముద్రం దాటి ఉత్తరానికి పోయాక వచ్చింది. అక్కడ రెండు ఒడ్లూ కలిసిపోయాయి! ఏం చెయ్యాలి? ఒక నదిని హద్దుగా పెట్టేసుకున్నారు. కొందరు ఇప్పటి జార్జియాలో ఉన్న ఫాసిస్ అన్నారు, కొందరు రష్యాలోని డాన్ అన్నారు. క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు దీని మీద విసుక్కున్నాడు. ఉన్నది ఒకే నేల అయితే దానికి మూడు పేర్లెందుకో, అవీ ఆడవాళ్ళ పేర్లెందుకో తనకు అంతుపట్టలేదని రాసుకున్నాడు. మీ ట్యూషన్లో కూర్చున్న పిల్లవాడి ప్రశ్న వయసు రెండున్నర వేల ఏళ్ళు.

డాన్ నది హద్దు చాలాకాలం నడిచింది. దాన్ని ఉరల్ పర్వతాల దాకా జరిపిన కథలో ఒక యుద్ధఖైదీ ఉన్నాడు. 1709లో పోల్టావా యుద్ధంలో స్వీడన్ సైన్యం రష్యా చేతిలో ఓడింది. పట్టుబడ్డవాళ్ళలో ష్ట్రాలెన్‌బర్గ్ అనే అధికారి ఒకడు. అతణ్ణి సైబీరియాకు పంపేశారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, ఊరికే కూర్చోకుండా పటాలు గీశాడు, ఆ నేలను చదివాడు. విడుదలై ఇంటికి చేరాక 1730లో పుస్తకం వేసి, యూరప్ హద్దు ఉరల్ కొండలని చెప్పాడు. ఆ ఆలోచన తనదేనని తతీష్చెవ్ అనే రష్యన్ అధికారి అన్నాడు. ఎవరిదైతేనేం, రష్యాకు అది నచ్చింది. పీటర్ చక్రవర్తి తన దేశాన్ని యూరప్ దేశంగా నిలబెట్టాలని తపించిన కాలానికి కొద్ది వెనకే ఇది. రాజధానులూ, జనమూ ఉన్న భాగమంతా యూరప్‌లోకి వచ్చేసి, సైబీరియా వలస ప్రాంతంలా అవతల మిగిలితే ఎవరికి చేదు?

ఆ ఉరల్ కొండలు ఎంత ఎత్తో మీ వాడికి చెప్పండి. అన్నిటికన్నా ఎత్తైన శిఖరం నరోద్నయా 1,895 మీటర్లు. ఊటీ పక్కనున్న దొడ్డబెట్ట 2,637 మీటర్లు. ట్రాన్స్ సైబీరియన్ రైలు ఉరల్‌ని దాటే చోట కొండలు ఇంకా చిన్నవి. మాస్కో నుంచి దాదాపు 1,780 కి.మీ. దూరాన పట్టాల పక్కన ఒక స్తంభం ఉంటుంది, ఒక వైపు యూరప్, రెండో వైపు ఆసియా అని. ప్రయాణికులు కిటికీల్లోంచి దాన్ని చూసేలోపు వెళ్ళిపోతుంది. ఖండం మారిందని తెలిసేది ఆ స్తంభం వల్లే తప్ప కొండ వల్ల కాదు.

రష్యా వాళ్ళను ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఈ తగవును వాళ్ళు రెండు మాటలతో తీర్చేశారు. ప్రకృతి చేసిన పెద్ద నేలకు "మాతెరిక్" అంటారు, అందులో యురేషియా ఒకటే. మనుషుల అలవాటు చేసిన విభాగానికి "ప్రపంచ భాగం" అనే అర్థం వచ్చే వేరే మాట వాడతారు, అందులో యూరప్ వేరు, ఆసియా వేరు, అమెరికా మొత్తం ఒకటి. రెండు లెక్కల్లోనూ ఆరే వస్తాయి, కానీ ఆ ఆరు ఈ ఆరు కావు. మీ శిష్యుడు మాస్కోలో పుట్టి ఉంటే ఆ మార్కు దక్కేది. లాటిన్ అమెరికా దేశాల బళ్ళలో అమెరికా ఒకే ఖండం, దాన్ని రెండు ముక్కలంటే కొందరికి కోపం కూడా వస్తుంది. ఒలింపిక్ జెండా మీద వలయాలు 5. 1913లో దాన్ని గీసిన కుబెర్తాఁ లెక్కలోనూ అమెరికా ఒకటే, మనుషులుండని అంటార్కిటికాకు వలయం లేదు. ఇక ఫుట్‌బాల్ వాళ్ళయితే మరీ సుఖంగా ఉన్నారు. కజకిస్తాన్ 2002లో ఆసియా సమాఖ్య వదిలి యూరప్‌లో చేరింది, ఆస్ట్రేలియా 2006లో ఆసియాలో చేరింది. దరఖాస్తు పెట్టుకుంటే ఖండం మారిపోయింది.

ఇప్పుడు గ్రీన్‌లాండ్. ఈ ప్రశ్నలో సగం తప్పు గోడపటానిది. అందులో నాకూ కొంచెం వాటా ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏడు నేను క్లాసులో గోడకున్న పటం మీద కర్ర పెట్టి, "గ్రీన్‌లాండ్ చూశారా, ఇంచుమించు ఆఫ్రికా అంత ఉంటుంది" అని ధీమాగా చెప్పాను. మర్నాడు ఒక అమ్మాయి స్టాఫ్ రూములో దుమ్ము పట్టిన గ్లోబు దించి తెచ్చింది. పల్చటి నూనె కాగితం గ్రీన్‌లాండ్ మీద పెట్టి పెన్సిలుతో గీసి, కత్తిరించి, ఆఫ్రికా మీద అతికించి "సార్, ఇలాంటివి ఇంకా పదమూడు కావాలి" అంది. లెక్క సరిగ్గా చెప్పింది. ఆఫ్రికా 3 కోట్ల చ.కి.మీ. పైన, గ్రీన్‌లాండ్ 21.66 లక్షలు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను, వేరే దారి లేక.

ఆ గోడపటం 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతిది. ఓడ నడిపేవాడికి దిక్కు తప్పకుండా గీసిన పటం. దిక్కును కాపాడటం కోసం ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలను సాగదీస్తుంది. అందుకే గ్రీన్‌లాండ్ అలా ఉబ్బిపోయి కనిపిస్తుంది. మీరు ట్యూషన్‌కి ఒక్క వస్తువు కొనదలుచుకుంటే చిన్న గ్లోబు కొనండి.

ఆస్ట్రేలియా దాదాపు 77 లక్షల చ.కి.మీ., అంటే గ్రీన్‌లాండ్‌కి మూడున్నర రెట్లు. "అయితే ఎంత ఉంటే ఖండం?" అని వాడు వెంటనే అడుగుతాడు. అడగాలి కూడా. దానికి ఎక్కడా చట్టం లేదు. అదృష్టం ఏమిటంటే, ఖండాల్లో చిన్నదైన ఆస్ట్రేలియాకీ, ద్వీపాల్లో పెద్దదైన గ్రీన్‌లాండ్‌కీ మధ్య 55 లక్షల చ.కి.మీ. ఖాళీ ఉంది. ఆ మధ్యలో ఏ నేలా లేదు. గీత ఎక్కడ గీసినా ఎవరికీ అన్యాయం జరగదు కాబట్టి తగవు రాలేదు. మధ్యలో 50 లక్షల చ.కి.మీ. నేల ఒకటి ఉండుంటే ఏమయ్యేదో! నిజానికి అలాంటిది ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

గ్రీన్‌లాండ్ ద్వీపం కావడానికి రెండో కారణం అసలైన కారణం. అది ఉత్తర అమెరికాలో భాగం. కెనడాకీ దానికీ మధ్య జలసంధి కొన్నిచోట్ల పాతిక, ముప్ఫై కిలోమీటర్లకు మించదు. పైన నీళ్ళు ఉన్నాయి గానీ అడుగున ఉన్నది ఒకే నేల. దీన్ని పిల్లలకు చెప్పాలంటే మీరు వంటింట్లోకి వెళ్ళాలి.

వెడల్పాటి గిన్నెలో పాలు కాచి చల్లారనివ్వండి. పైన మీగడ కడుతుంది. పాలకన్నా తేలిక కాబట్టి అది పైన తేలుతుంది. గిన్నెను కొంచెం కదిపితే మీగడ చిరిగి ముక్కలవుతుంది. రెండు ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే అంచు ముడతలు పడి లేస్తుంది. సాగదీస్తే పల్చబడి మునిగినట్టవుతుంది. భూమి మీద ఖండాలు అలాంటి మీగడ. (రాయి గట్టిది, పాలు ద్రవం, పోలిక అన్ని చోట్లా నిలబడదు. పిల్లవాడు గిన్నె ముందు కూర్చుంటే చాలు.) ఖండాల అడుగున ఉన్న రాయి గ్రానైటు జాతిది, తేలికది, సగటున 35 నుంచి 40 కి.మీ. మందం ఉంటుంది, టిబెట్ కింద 70 దాకా ఉంటుంది. సముద్రాల అడుగున ఉన్నది బసాల్టు, బరువైనది, 7 కి.మీ. మందమే. అందుకే ఖండం పైకి తేలి ఉంటుంది, సముద్రగర్భం కిందికి దిగి ఉంటుంది. భూమి మీద నీళ్ళన్నీ తోడేస్తే కనిపించేవి రెండు మెట్లు. ఖండాల మెట్టు సముద్రమట్టానికి సగటున 800 మీటర్ల పైచిలుకు ఎత్తున, సముద్రాల మెట్టు 3,700 మీటర్ల లోతున. మధ్యస్థంగా ఉండే చోటు తక్కువ.

వయసులోనూ పోలిక లేదు. సముద్రం అడుగు రాయి కొత్తగా పుడుతూ, పాతది లోపలికి జారిపోతూ ఉంటుంది కాబట్టి మహాసముద్రాల్లో 20 కోట్ల ఏళ్ళు దాటిన నేల దాదాపు దొరకదు. ఖండాల మీద కెనడాలో 400 కోట్ల ఏళ్ళ రాయి ఉంది. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ గుట్టల మీది గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ళది.

ఇది తెలిశాక "చుట్టూ నీరు" అన్న మాట ఎక్కడ తప్పిందో తెలిసిపోతుంది. నీటి అంచు ఖండం అంచు కాదు. ఇప్పుడు మన గిన్నెలో నీళ్ళు కాస్త ఎక్కువున్నాయి, అంతే. ఖండం సముద్రంలోకి కొంత దూరం వెళ్ళి అక్కడి నుంచి లోతుకు దిగిపోతుంది. ఆ మునిగిన భాగాన్నే ఖండతీరపు అంచు అని పుస్తకంలో రాస్తారు. 20 వేల ఏళ్ళ కింద మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉండేది. అప్పుడు రామేశ్వరం నుంచి శ్రీలంకకు నడిచి వెళ్ళొచ్చు. న్యూ గినియా నుంచి ఆస్ట్రేలియాకూ అంతే. శ్రీలంక మన మీగడలో ముక్కే, గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికా మీగడలో ముక్కే. ఆస్ట్రేలియా ఎవరి ముక్కా కాదు.

ఇక్కడ ఒక గుంట ఉంది, చాలామంది టీచర్లు అందులో పడతారు. భూమి పైపెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఉండి మెల్లగా కదులుతుంటుంది, ఆ ముక్కలే పలకలు. "ఒక్కో పలక మీద ఒక్కో ఖండం" అనేస్తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, నిజం కాదు. పలకల లెక్కన సైబీరియా తూర్పు కొస ఉత్తర అమెరికా పలక మీద ఉంది. లాస్ ఏంజిలస్ పసిఫిక్ పలక మీద ఉంది. అరేబియాకు సొంత పలక ఉంది కాబట్టి దుబాయ్‌లో, మస్కట్‌లో పనిచేసే మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళంతా వేరే ఖండంలో ఉన్నట్టు లెక్క. యూరప్‌కి, ఆసియా ఉత్తర భాగానికి మాత్రం విడివిడి పలకలు లేవు. ఉరల్ దగ్గర ఇప్పుడు పలకల హద్దే లేదు.

ఇప్పుడు లేదు అన్నాను. ఒకప్పుడు ఉండేది. ఉరల్ కొండలున్న చోట సముద్రం ఉండేది. ఇటు నేల అటు నేల వచ్చి గుద్దుకుంటే 30 కోట్ల ఏళ్ళ కిందటి కాలంలో ఆ కొండలు లేచాయి. అంటే ఆ స్వీడన్ ఖైదీ తెలియకుండానే ఒక పాత అతుకు మీద వేలు పెట్టాడు. పిల్లవాడు అడిగిన నీళ్ళు అక్కడ ఉండేవి, వాడు ఆలస్యంగా పుట్టాడు.

కానీ అతుకును బట్టే ఖండమైతే నాకు ఒక పేచీ ఉంది. ఉరల్ అతుకు ఎప్పుడో మానిపోయింది, అరిగిపోయింది. మన హిమాలయాలు అలా కాదు. భారత్ అంటార్కిటికా, ఆస్ట్రేలియాల నుంచి 13 కోట్ల ఏళ్ళ కిందటి ప్రాంతంలో విడిపోయి, మడగాస్కర్‌ని దారిలో వదిలేసి, ఒంటరిగా ఈదుకుంటూ వచ్చి 5 కోట్ల ఏళ్ళ కింద ఆసియాను గుద్దుకుంది. ఇంకా నెడుతూనే ఉంది, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు. మీ పిల్లవాడు పుట్టినప్పటి నుంచి చూసుకుంటే మూరెడు పైన జరిగాం. సొంత పలక, సొంత పాత రాళ్ళు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన గోడ. అయినా మనకు దక్కింది ఉపఖండం. యూరప్‌కి ఖండం. విస్తీర్ణం తక్కువ అంటారు. నిజమే, మనది దాదాపు 44 లక్షల చ.కి.మీ., యూరప్ కోటి. కానీ ఆ గీతలు గీసిన రోజుల్లో పటాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో గుర్తుపెట్టుకుంటే చాలు. నాకేమీ బాధ లేదు, లెక్క మాత్రం ఇది.

ఇక మధ్యలో వదిలేసిన 50 లక్షల చ.కి.మీ. నేల. న్యూజిలాండ్ చుట్టూ సముద్రం కింద ఉంది అది, పేరు జీలాండియా. విస్తీర్ణం 49 లక్షల చ.కి.మీ., అందులో 94 శాతం నీళ్ళలోనే. పైకి కనిపించేవి న్యూజిలాండ్, న్యూ కాలెడోనియా లాంటి కొసలే. ఆ పేరు 1995లో పెట్టారు. 2017లో భూగర్భ శాస్త్రవేత్తలు కొందరు ఒక వ్యాసం రాసి, ఇది ఖండమేనని వాదించారు. వాళ్ళు ఏం చూశారన్నదే మీ ప్రశ్నకు నాకు తెలిసిన అన్నిటికన్నా సూటి జవాబు. చుట్టూ ఉన్న సముద్రగర్భం కన్నా అది ఎత్తుగా నిలబడి ఉందా? ఉంది. దాని రాళ్ళు సముద్రపు బసాల్టులు కాకుండా గ్రానైటు, సున్నపురాయి, ఇసుకరాయి వంటి రకరకాల పాత రాళ్ళేనా? అవును. దాని పటలం, అంటే పైనున్న రాతిపొర, సముద్రపు పటలం కన్నా మందమా? మందమే, మిగతా ఖండాల కన్నా పల్చన. హద్దులు స్పష్టంగా ఉండి, చెప్పుకోదగ్గ పరిమాణం ఉందా? ఉపగ్రహాలు గురుత్వాకర్షణను కొలిచి గీసిన పటంలో అంచు చక్కగా కనిపిస్తోంది. 8 కోట్ల ఏళ్ళ కిందటి ప్రాంతంలో విడిపోతూ బాగా సాగింది, పల్చబడింది, మునిగింది. మీగడ గిన్నె గుర్తుంది కదా.

గమనించారా, వాళ్ళ ప్రశ్నల్లో నీళ్ళ ప్రస్తావనే లేదు.

మరి అది ఎనిమిదో ఖండం అయిందా? ఎవరు ప్రకటించాలి? గ్రహాలకైతే అంతర్జాతీయ ఖగోళ సంఘం ఉంది, 2006లో ఓటు వేసి ప్లూటోను గ్రహాల వరస నుంచి తీసేసింది. ఖండాలకు అలాంటి సంఘం లేదు, ఓటు లేదు. కాబట్టి బడి పుస్తకం ఏడు దగ్గర ఆగింది, భూగర్భ శాస్త్రం తన దారిన తాను పోతోంది. దాని లెక్కలో యూరప్, ఆసియా వేరువేరు కావు, జీలాండియా ఉంది. చూడండి, తీసివేసి కలిపితే మళ్ళీ ఏడే వస్తుంది. మీ వాడికి ఈ సంగతి చెప్పకండి, వాడే కనుక్కోవాలి.

నోట్సులో మాత్రం ఆ పాత వాక్యం కొట్టేయించి ఇలా రాయించండి: "సముద్రగర్భం కన్నా ఎత్తుగా, మందమైన తేలిక రాళ్ళతో ఏర్పడిన అతి విశాలమైన భూభాగం ఖండం. వాటిని ఏడుగా లెక్కించడం మన వాడుక." రెండో వాక్యం ముఖ్యం. మొదటిది రాయి సంగతి, రెండోది మనుషుల సంగతి. వాడు ఇన్నాళ్ళూ అడుగుతున్నది ఈ రెంటినీ ఎందుకు కలిపేశారనే. ఆ రోజు కసురుకున్నందుకు క్షమాపణలు అక్కర్లేదు. "నువ్వడిగింది నాకు తెలియక ఒకాయన్ని అడిగాను" అనండి చాలు. టీచరుకు తెలియనిది తన కోసం అడిగి తెలుసుకుందంటే ఏ పిల్లవాడైనా ఆ వారమంతా బుద్ధిగా ఉంటాడు.

వాళ్ళ నాన్నగారికీ ఒక పని అప్పజెప్పండి. మీది మంచిర్యాల. శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి అన్నీ బొగ్గు ఊళ్ళే. ఆయన సింగరేణిలో పనిచేస్తున్నా, ఆయనకు తెలిసినవాళ్ళు ఎవరైనా పనిచేస్తున్నా, బొగ్గు పొరల మధ్య వచ్చే మట్టిరాయి పలకల మీద ఆకు అచ్చులు ఎప్పుడైనా చూశారేమో అడగండి. నాలుక ఆకారంలో పొడుగ్గా, మధ్యలో ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సన్నటి ఈనెలు. దాని పేరు గ్లోసోప్టెరిస్. మీ బొగ్గులో చాలా భాగం ఆ చెట్లదే, 25 కోట్ల ఏళ్ళు దాటిన సంగతి. 1912లో కెప్టెన్ స్కాట్ బృందం దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ మంచులో చనిపోయింది. ఆకలికీ చలికీ ఒక్కొక్కరే కూలిపోతూ కూడా వాళ్ళు సుమారు 16 కిలోల రాళ్ళను బండి మీద లాక్కుంటూ వచ్చారు, పారెయ్యలేదు. శవాల పక్కన దొరికిన ఆ రాళ్ళలో ఉన్నది ఇదే ఆకు. దక్షిణ అమెరికాలో ఉంది, ఆఫ్రికాలో ఉంది, ఆస్ట్రేలియాలో ఉంది. ఇవన్నీ ఒకప్పుడు అతుక్కుని ఉన్న నేలకు ఎడ్వర్డ్ సూస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త 1885లో గోండ్వానా పేరు పెట్టాడు. మధ్య భారతంలో మన గోండుల సీమ పేరు మీద ఈ రాళ్ళకు అప్పటికే ఉన్న పేరది. ఉట్నూరు, జైనూరు వైపు గోండు గూడేలున్న మీ పాత ఆదిలాబాద్ జిల్లా వాళ్ళకు ఆ పేరు కొత్త కాదు.

ఆకు అచ్చున్న రాయి దొరికితే గ్లోబు పక్కన పెట్టి, అది దొరికే ఐదు చోట్లా పిల్లవాడి చేత బొట్లు పెట్టించండి. పెట్టాక, ఖండాలు ఎన్ని అని మళ్ళీ అడగండి. ఒకటి అంటాడేమో. మార్కు మాత్రం వెయ్యకండి, వాళ్ళ నాన్న మళ్ళీ వస్తారు.